రేడియో నేర్పిన తిట్టు

మా రాష్ట్రం స్వర్గమైపోయిందని ఒకాయన, శ్మశానమైపోయిందని ఇంకొకాయన ప్రతి సాయంత్రం మా నాయన కొట్టంలో కొట్లాడుకునేవాళ్ళు. మనుషులు రారు, గొంతులే వస్తాయి. కొట్టం గుంజకు నాయన ఒక మేకు కొట్టి రేడియో తగిలించాడు. రేడియో అని మేం అంటాం గానీ, అది నా భర్త వాడి వదిలేసిన పాత ఫోను, దానికి ఒక చిన్న స్పీకరు డబ్బా. పాత రేడియో మూగబోయి నాయన దిగులుపడుతుంటే ఇది పెట్టిచ్చాం. అందులో పాటలొస్తాయి, మార్కెట్టు ధరలొస్తాయి, సరిగ్గా పాలు పిండే వేళకు చర్చ వస్తుంది. ఆ అరుపులు మొదలైతే బర్రె పాలు చేపదని అమ్మ గొణిగేది.

నేను కొట్టం గడపలో నిలబడి బయటికి చూస్తే స్వర్గమూ కనిపించేది కాదు, శ్మశానమూ కనిపించేది కాదు. దున్ని పెట్టిన ఎర్రమట్టి చేలు, వాటి అవతల గుట్టల మీద తిరిగే గాలిమరలు, వానకు కాచుకున్న జనం. ఈ మధ్యలో ఉన్నదాని గురించి ఎవరైనా ఒక్క ముక్క మాట్లాడతారేమోనని చెవి ఒగ్గి వినేదాన్ని. ఒకాయన ఎదుటాయన్ని గజదొంగ అనేవాడు. ఆయన ఈయన్ని గుంటనక్క అనేవాడు. చర్చ నడిపే ఆయన "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూనే పొద్దు పుచ్చేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది అమ్మ నుంచి వచ్చింది. ఆ మాటలు వింటుంటే చేతిలో ఉన్నది విసిరికొట్టాలనిపించేది.

మాది గుమ్మఘట్ట పక్క పల్లె. కొంచెం దూరం నడిస్తే కన్నడ మాట వినిపిస్తుంది. నన్ను ఊళ్ళోనే ఇచ్చారు, పుట్టింటికీ మా ఇంటికీ మధ్య ఒక సందే అడ్డం. నేను బట్టలు కుడతాను. పొద్దు వాలగానే మిషను మూసి కొట్టం దగ్గరికి చేరేదాన్ని. అక్కడ అప్పటికే నాయనా, మామా కూర్చుని ఉండేవాళ్ళు.

మామ అంటే రక్తసంబంధం కాదు, పక్క చేను ఆయన. నాయన ఆయన్ని బావా అంటాడు కాబట్టి నాకు మామయ్యాడు. ఒకప్పుడు ఇద్దరికీ ఎద్దుల జతలు ఉండేవి. కరువుల్లో చెరో ఎద్దు పోయి చెరొకటి మిగిలింది. అప్పటినుంచి రెండింటినీ కలిపి ఒకే కాడికి కట్టుకుని ఇద్దరి చేలూ చేసుకుంటున్నారు. నాయనది తెల్లెద్దు. అది కాడికి ఎడమ పక్క నడుస్తుంది, దాన్ని దాపటెద్దు అంటాం. మామది ఎర్రెద్దు, కుడిపక్కన నడిచే వలపటెద్దు. విత్తనం వేసేటప్పుడు ఒక ఏడు మొదట మా చేను, మరో ఏడు మొదట మామ చేను. వంతు ఎవరిదైతే వాళ్ళ వాకిటికి రెండో ఆయన తన ఎద్దును తోలుకుని రావాలి. ఇది ఎవరూ రాసుకోలేదు, ఎవరూ మరిచిపోలేదు. ట్రాక్టర్లు లేక కాదు. వాన పడిన దినం అవి పెద్ద చేలన్నీ తిరిగి మా చిన్న చేని చెక్కల దగ్గరికి వచ్చేసరికి నేల గట్టిపడిపోతుంది.

మామది ఒక పార్టీ, నాయనది ఇంకో పార్టీ. మామ ఇంటికి పైకప్పు పడింది ఆ పార్టీ ఉన్నప్పుడు. మా అమ్మకు గుండె ఆపరేషను అయింది ఈ పార్టీ ఉన్నప్పుడు. మేలు జరిగిన చోట మనిషి నిలబడతాడు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎన్నో ఎన్నికలు ఆ ఇద్దరూ ఒకే బండి మీద పోయి చెరో గుర్తుకూ ఓటేసి, ఒకే చోట బోండా తిని వచ్చారు.

ఎండాకాలం చివర విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశనగ, ఒలిచే పని ఉంటుంది. మిషనులో వేస్తే గింజ మీది ఎర్ర పొర లేచిపోతుంది, పొర లేచిన గింజను నమ్ముకుని విత్తలేం. అందుకని కొట్టంలో చేటలు ముందు పెట్టుకుని చేత్తోనే ఒలుస్తాం. కాయ ముక్కు దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కాలి, గింజకు దెబ్బ తగలకూడదు. పైన రేడియోలో చర్చ రగిలేకొద్దీ ఇద్దరి బొటనవేళ్ళూ బిగుసుకునేవి, గింజలు రెండు బద్దలయ్యేవి. అమ్మ ఆ బద్దల్ని ఏరి రోటి పక్కన పెట్టుకునేది.

"మీ రేడియో పుణ్యాన ఈ నెలంతా ఊరుబిండి పచ్చడికి కరువు లేదు. ఇంక విత్తనానికే ఏమీ మిగలదు," అనేది.

ఇద్దరూ నవ్వేవాళ్ళు. కానీ నేను ఒకటి గమనిస్తూ వచ్చాను. మొదట్లో "మీ నాయకుడు" అనుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు "మీవోళ్ళు" అయింది. ఆ తర్వాత "మీరు". బెల్లం డబ్బాలోకి చీమలు వచ్చినట్టు ఆ కోపం బయటినుంచి లోపలికి వస్తూనే ఉంది. చర్చ పెట్టొద్దని నేను చెప్పాను. "ఊరికే వింటాండామమ్మా, మనకేం పోయె," అన్నాడు నాయన.

ఒక సాయంత్రం, వింటున్నవాళ్ళు కూడా ఫోను చేసి మాట్లాడవచ్చని రేడియోలో నంబరు చెప్పారు. నాకు తిక్క లేచింది. ఆ ఏడు ప్రభుత్వం ఇచ్చే విత్తనకాయలు ఇంకా రాలేదు, మేం దాచుకున్నవి సగం చేనుకు కూడా చాలవు. ఇంతమంది పెద్దలు గంటసేపు అరుచుకుంటుంటే ఈ ఒక్క సంగతి అడిగితే చెప్పరా అనుకున్నాను. కొట్టం ఊడుస్తున్న పొరక చేతిలోనే పట్టుకుని పేడదిబ్బ దగ్గరికి పోయి, నా ఫోనునుంచి చేశాను. చాలాసేపటికి కలిసింది.

"సార్, మా మండలానికి విత్తనకాయలు ఎప్పుడిస్తారో ఎవరైనా చెప్తారా? వాన పడితే చేతిలో విత్తనం లేదు," అన్నాను.

నాయన పార్టీ ఆయన ఎగిరి అందుకున్నాడు. "విన్నారా, ఒక రైతుబిడ్డ కన్నీరుమున్నీరుగా విలపిస్తోంది. ఆ తల్లి గుండె పగిలి ఏడుస్తోంది."

నేను ఏడవడం లేదు. పొరక పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపు మామ పార్టీ ఆయన మొదలుపెట్టాడు. "ఆ ఏడుపు కూడా వీళ్ళు రాసిచ్చిందే. ఈమె పెయిడ్ ఆర్టిస్టు. ఇలాంటి కూలి గొంతులు రోజూ వింటున్నాం."

లైను కట్టయింది. విత్తనకాయల మాట ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు. నిజంగానే ఏడుపొచ్చేట్టయింది గానీ, ఏడిస్తే ఆ మొదటాయన మాట నిజమైపోతుందని దిగమింగుకున్నాను. పొరక అక్కడే పారేసి కొట్టంలోకి వచ్చాను.

నాయన ముఖం కందిపోయి ఉంది. "విన్నావా బావా, మీవోడు నా బిడ్డను ఏమన్నాడో."

 కాయ ఒలిచే మామ చేతులు ఆగిపోయాయి. ఆ మాట ఆయనకూ నచ్చలేదని నాకు అప్పుడే తెలిసింది. కానీ ఇన్ని సాయంత్రాలు ఒక పక్క నిలబడి వాదించిన మనిషి ఒక్కసారిగా ఎట్లా దిగిపోతాడు?

"చర్చలో అట్లనే అంటారులేప్పా. ముందు మీవోడు పాప ఏడస్తాండాదని అబద్ధం చెప్పలేదా?" అన్నాడు.

"నా కొట్టంలో కూచోని, నా బిడ్డను అన్నోని పక్క మాట్లాడతావా? ద్రోహివి నువ్వు."

 మామ తన చేటలోని గింజల్ని మా గంపలో పోశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పోయొస్తా కోడలా," అని నాకు చెప్పాడు. నాయనకు చెప్పలేదు.

మా ఊళ్ళో తిట్లకేం కొదవ లేదు. నాయనా మామా పొద్దున పలకరించుకునేదే తిట్టుతో. "ఏమిరా బావా, గాడ్ది మాదిరి ఇంకా పండుకోనే ఉండావా" అని ఒకరంటే, అంతకంటే మోటుగా ఇంకొకరు బదులిచ్చేవాళ్ళు. ఇటునుంచి పోయింది అటునుంచి వచ్చేది, అక్కడికి సరి. ద్రోహి అనే మాట మా వీధిలో ఎవరైనా ఎవరినైనా అనగా నేను వినలేదు. అది రేడియోలో మాట. దానికి తిరిగి ఏమనాలో మామకు తెలియలేదు, అందుకే లేచి పోయాడు.

ఆ తర్వాత మామ మా కొట్టం వైపు రాలేదు. రేడియో మోగుతూనే ఉండేది, నాయన వింటున్నట్టు ఉండేది కాదు. ఆ డబ్బాను తీసుకుపోయి బావిలో వేద్దామనుకున్నాను. ఎండిన బావి, అక్కడినుంచి కూడా అరుస్తుందిలే అని ఊరుకున్నాను. చర్చ అయిపోయేటప్పుడు ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఏదో చిన్నగా చెప్పుకుని నవ్వుకోవడం ఒకసారి నా చెవిన పడింది. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళిద్దరూ రేపు మళ్ళీ పక్కపక్కనే కూర్చుంటారు, టీ తాగుతారు. కొట్టంలో కూర్చునే ఇద్దరే విడిపోయారు.

ఒకరోజు మామ చొక్కా గుండీలు కుట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. నాయన ఎట్లున్నాడని అడగలేదు. "మీ తెల్లెద్దు కాలు వాచిండె గదా, తగ్గిందా?" అని అడిగాడు. తగ్గిందని చెప్పాను. ఆ సాయంత్రం నాయన నన్ను పక్కకు పిలిచి, ఎటో చూస్తూ, "వాని ఎర్రెద్దు మేత సరిగ్గా తింటాండాదంటనా?" అన్నాడు. ఇద్దర్నీ చెరో మొట్టికాయ మొట్టాలనిపించింది. ఇద్దరి మీదా జాలి కూడా వేసింది.

విత్తనకాయల మూటలు వాటి దారిన అవి వచ్చాయి. ఏ రేడియోలోనూ చెప్పలేదు, పక్క ఊరి ఆటో అతను చెబితే పోయి తెచ్చుకున్నాం. ఆ మూటలు మేం ముగ్గురమే ఒలిచాం. మామ కూర్చునే చోట చేట బోర్లించి ఉండేది.

తర్వాత ఒక మధ్యాహ్నం మంచి వాన పడింది. చేలు తడిసి, విత్తడానికి సరిపోయే పదునైంది. మా ఎర్రమట్టిలో ఆ తడి రెండు మూడు దినాలకంటే నిలవదు. ఆ లోపల విత్తనం పడకపోతే మళ్ళీ వాన ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పగలిగినవాడు లేడు. ఏడాది తిండి ఆ రెండు మూడు దినాల్లోనే ఉంటుంది. పొద్దున్నే ఊరంతా చేలల్లోకి పోయింది. నాయన తెల్లెద్దుకు నీళ్ళు పెట్టి, వాకిట్లో కూర్చున్నాడు.

"వంతు మనది. ఎద్దును తోలకొచ్చేది వాని పని," అన్నాడు.

అక్కడ మామ కూడా ఎర్రెద్దును కట్టేసుకుని గడపలోనే కూర్చున్నాడని అమ్మ చూసొచ్చి చెప్పింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇద్దరి చేలూ ఆరుతున్నాయి.

"మాట నీ నోట్లోనుంచి పడింది నాయనా. నువ్వే పోవల్ల," అన్నాను.

"నీ కోసమే గదమ్మా అంటి."

"నన్ను అన్నోడు యాడో పట్నంలో ఉండాడు. మామ నన్నేమన్నాడు?"

నాయన లేచాడు. తాడు తీసుకుని కింది వీధికి పోయాడు, సాయంత్రానికి ఒక నల్లెద్దును తోలుకొచ్చాడు. దాని యజమాని ఊళ్ళో లేడు, ఆయన భార్య విప్పి ఇచ్చిందట. సేద్యం చేసేవాడు ఎవరైనా పరాయి ఎద్దును అడిగేటప్పుడు మొదట అడిగే మాట అది ఏ పక్క నడుస్తుందని. నాయన ఆ మాట అడగకుండానే తెచ్చేశాడు. పుట్టినప్పటినుంచి ఎద్దుల మధ్య పెరిగిన మనిషి ఆ మాట మరిచిపోయాడంటే ఆయన కోపం ఎంత ఉండిందో నాకు తర్వాత అర్థమైంది.

మరునాడు పొద్దున్నే చేనుకు పోయాం. నాయన రెండు ఎద్దుల్నీ విత్తనం వేసే గొర్రుకు కట్టి మేడి పట్టుకున్నాడు. నేను ఒడిలో గింజలు పోసుకుని వెనక నడుస్తూ, గొర్రుకుండే జడ్డిగంలోకి విత్తనం వదులుతున్నాను. చిప్పలాంటి దాని కంతల్లోంచి గింజలు సాళ్ళలోకి జారుతాయి. నాలుగడుగులు వేశామో లేదో, కుడిపక్కన కట్టిన నల్లెద్దు మెడ తిప్పుకుని ఎడమకు తోసుకురావడం మొదలుపెట్టింది. అది కూడా దాపటెద్దే. తెల్లెద్దు తన చోటు వదలదు, నల్లెద్దుకు ఆ చోటే కావాలి. గొర్రు అటూ ఇటూ ఊగి సాళ్ళు పాము పోయినట్టు వంకర తిరిగాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నాయన విప్పి, పక్కలు మార్చి కట్టాడు. ఈసారి తెల్లెద్దు కదలనే లేదు. మళ్ళీ మార్చి కట్టాడు. మళ్ళీ అదే తంతు.

పక్క చేను గనిమ గట్టు మీద మామ కూర్చుని ఉన్నాడు. ఎర్రెద్దును కూడా తోలుకొచ్చుకున్నాడు, ఊరికే మేపుకుంటున్నాడు. ఒంటెద్దుతో ఆయన చేసేది కూడా ఏమీ లేదు. మా వైపు చూడనట్టుగా చూస్తున్నాడు.

నాయన చెమటలు కక్కుతున్నాడు. నల్లెద్దు మళ్ళీ మెడ తిప్పగానే చర్నాకోల ఎత్తి, "నడువు, ద్రోహీ," అని అరిచాడు.

ఎద్దు చెవులాడించింది, అంతే. నాయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. తన మాట తనకే అప్పుడు వినిపించినట్టుంది. మెల్లగా చెయ్యి దించి, మేడి వదిలేశాడు.

"కొట్టొద్దు నాయనా. దానికి నేర్పిన పక్క అది," అన్నాను.

"తెలుసులేమ్మా," అన్నాడు. 

మా ఊళ్ళో మాటలు మానుకున్న ఇద్దరు మళ్ళీ కలవాలంటే తప్పయిందని ఎవరూ చెప్పరు. ఒకరు పోయి ఇంకొకరిని వక్కాకుకు సున్నం అడుగుతారు. ఇస్తే కలిసినట్టు. నాయన చేనుకు అడ్డంగా నడిచి గనిమ దగ్గర నిలబడ్డాడు. నేనూ వెనకే పోయాను.

"సున్నం ఉండాదా బావా?"

మామ నడుముకున్న వక్కాకు తిత్తి మీద చెయ్యి పెట్టలేదు. "ద్రోహి తావ సున్నమెందుకప్పా నీకు?"

"ఆ మాట నాది గాదు బావా. ఆ డబ్బాలోది."

"డబ్బాలోదే. పలికింది మాత్రం నీ నోరు."

ఇక లాభం లేదనుకున్నాను. ఎదుటివాడు ఒకటంటే రెండు అనకుండా నాయన ఊరుకోవడం నేను ఏనాడూ చూడలేదు. 

"అవును. నా నోరే," అన్నాడు.

మామ అప్పుడు నా వైపు తిరిగాడు. "ఆ దినం వాడెవడో కోడల్ని ఆ మాటంటే నాకు కడుపు మండలేదనుకుంటివా? బిడ్డ నీకొక్కనికేనా?" అన్నాడు.  నా కళ్ళవెంట నీళ్ళు కారాయి. రేడియోలో ఆ పెద్దమనిషి ఉత్తపుణ్యానికి నాకు అంటగట్టిన కన్నీళ్ళు అప్పుడొచ్చాయి, చూడ్డానికి ఆయన లేడు.

మామ తిత్తి విప్పి సున్నం డబ్బీ నాయన చేతిలో పెట్టాడు. "పదును ఆరిపోతాంటే ఈడ నిలబడి సున్నం అడుగుతాండావు, గాడ్ది నాయాలా. రెండు దాపటెద్దుల్ని ఒక కాడికి కట్టేటోడు భూమ్మింద ఎవడన్నా ఉంటాడా?"

నాయన ముఖం విప్పారింది. ఇన్నాళ్ళూ ఆ తిట్టు కోసమే ఆకలితో ఉన్నట్టు విన్నాడు. మామ ఎర్రెద్దును తోలుకుని మా చేనులోకి దిగబోయాడు. నాయన అడ్డంగా నిలబడ్డాడు.

"మొదట నీ చేను."

"వంతు నీది గదప్పా."

"నీ చేనే బావా. కట్టు."

మామకు అర్థమైంది, నాకూ అర్థమైంది. రెండు చేలకూ సరిపోయే తడి ఇంక నేలలో లేదు. మామ ఎంత చెప్పినా నాయన వినలేదు. నల్లెద్దును నేను కింది వీధిలో ఇచ్చి వచ్చేసరికి తెల్లదీ ఎర్రదీ మామ చేనులో గీత గీసినట్టు నడుస్తున్నాయి. చీకటి పడేలోపు ఆ చేను అయిపోయింది. మా చేను మరునాడు చేశాం. అప్పటికి పైమట్టి కాలికింద పొడిపొడిగా నలుగుతోంది.

మామ చేను నిండుగా మొలిచింది. మా చేను పల్చగా, అక్కడక్కడ మొలిచింది. దట్టంగా వచ్చింది మాత్రం నాయన నల్లెద్దుతో లాగిన ఆ వంకర సాళ్ళే, తడి ఉన్నప్పుడు పడిన గింజలు అవే కాబట్టి. ఒట్టి నేల నడుమ పచ్చగా మెలికలు తిరిగి దారిన పోయే వాళ్ళందరికీ కనిపిస్తాయి.

రేడియో ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది. అరుపులు మొదలైతే మామ "మార్చు కోడలా" అంటాడు, నేను కన్నడ పాటలు పెడతాను. ఇద్దరూ ఇప్పటికీ వాదించుకుంటారు, పార్టీలు మారలేదు. మాట "మీవోళ్ళు" దాకా వస్తుంది, అక్కడ ఎవరో ఒకరు దగ్గి ఊరుకుంటారు.

కలుపు తీయడానికి పోయిన ప్రతిసారీ మామ గనిమ మీద నిలబడి ఆ వంకర సాళ్ళను చూపించి ఎగతాళి చేస్తాడు.

"ఈ సాళ్ళు ఎవరు వేసినారప్పా? ఆ రేడియోవోళ్ళు గాని వచ్చి వేసిపోయినారా ఏమి?"

నాయన వంచిన నడుము ఎత్తకుండానే చెబుతాడు.

"ఎవరూ రాలేదు బావా. నేనే."